నీళ్ల రిపోర్టు బాగుంది, చేపలు మాత్రం తగ్గిపోతున్నాయి. దేన్ని నమ్మాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది: మీకు బాగా తెలిసిన ఒక చెరువులో మూడు నాలుగేళ్లుగా చేపల రకాలు తగ్గుతున్నాయి, గట్టు దగ్గర గుంపులుగా తిరిగే చిన్న చేపలు దాదాపు కనిపించడం మానేశాయి. నీళ్లు రెండుసార్లు ల్యాబ్‌కి పంపితే అన్నీ పరిమితుల్లోనే ఉన్నాయని రిపోర్టు వచ్చింది. రిపోర్టును నమ్మాలా, చేపల్ని నమ్మాలా, పరిశోధన చేసేవాళ్లు ఒక చెరువో నదో ఆరోగ్యంగా ఉందని ఎలా తేలుస్తారు అని అడిగారు.

చేపల్ని నమ్మండి. ల్యాబ్ వాళ్లు తప్పు చేశారని నేను అనడం లేదు, ఆ సీసాలో ఉన్న నీళ్ల గురించి వాళ్లు నిజమే చెప్పి ఉంటారు, కానీ ఆ నిజం సీసా నింపిన నిమిషానిది. చేప ఆ నీళ్లలో రాత్రీ పగలూ ఉంటుంది, వరద వచ్చినప్పుడు ఉంటుంది, ఎండాకాలం నీళ్లు అడుగంటినప్పుడూ ఉంటుంది, మధ్యలో ఎవరైనా ఒక రాత్రి ఏదైనా వదిలి వెళ్తే దాన్నీ భరిస్తుంది. ఇంకో సంగతి, చేపకి బతకడానికి నీళ్లు ఒక్కటే చాలవు. గుడ్లు పెట్టే చోటు, పిల్లలు దాక్కునే చోటు, తిండి, రాకపోకలకు దారి, ఇవన్నీ కావాలి. వీటిలో ఏదీ సీసాలోకి రాదు.

అందుకే మేము మొదట అడిగేది "చేపలు ఎన్ని ఉన్నాయి" అని కాదు. ఏ రకాలు కనబడటం లేదు, ఏ వయసువి కనబడటం లేదు అని అడుగుతాం. మంచినీటి చేపల మీద ఫీల్డులో ఇరవై ఏళ్లకు పైగా పనిచేశాక కూడా నాకు ఇంతకంటే పనికొచ్చే ప్రశ్న దొరకలేదు. మీరు రాసినదాంట్లో నన్ను ఆపేసింది కూడా "చిన్న చేపలు కనిపించడం లేదు" అన్న మాటే. దాని సంగతికి వస్తాను, ముందు ఆక్సిజన్ గురించి చెప్పాలి, ఎందుకంటే రిపోర్టు బాగుండి చేపలు బాగాలేని కేసుల్లో నాకు ఎక్కువగా తగిలింది అదే.

నీళ్లలో ఆక్సిజన్ చాలా కొద్దిగా కరుగుతుంది. 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాములు, 30 డిగ్రీల దగ్గర ఏడున్నర. అంటే ఎండలు ముదిరేకొద్దీ చేప ఒంటికి ఆక్సిజన్ అవసరం పెరుగుతూ ఉంటుంది, నీళ్లు ఇవ్వగలిగేది తగ్గుతూ ఉంటుంది. చాలా చేపలకు 5 మిల్లీగ్రాముల కన్నా తగ్గితే ఇబ్బంది మొదలవుతుంది, 2కి దిగితే చాలా రకాలు ఎక్కువసేపు తట్టుకోలేవు. ఇక మురుగో ఎరువో వచ్చి చేరే చెరువైతే నీళ్ల నిండా నాచు ఉంటుంది. ఆ నాచు పగలు ఎండలో ఆక్సిజన్ వదులుతుంది, రాత్రి అదే నాచు ఆక్సిజన్ పీలుస్తుంది, దానికి తోడు చేపలు, పురుగులు, అడుగు బురదలో బ్యాక్టీరియా అన్నీ రాత్రంతా పీలుస్తూనే ఉంటాయి. సూర్యుడు రావడానికి కాస్త ముందు ఆక్సిజన్ అట్టడుక్కి చేరుతుంది. శాంపిల్ తీయడానికి వచ్చేవాళ్లు మాత్రం పదకొండు గంటలకు, పన్నెండు గంటలకు వస్తారు.

ఒక చిన్న జలాశయంలో మేమే ఈ తప్పు చేశాం. మూడు నెలలపాటు వారానికోసారి మధ్యాహ్నం పూట కొలిచాం, ఒక్కసారి కూడా 8కి తగ్గలేదు, రెండుసార్లు 12 దాటింది. 12 చూసి సంతోషించాం కూడా. నిజానికి అదే పెద్ద హెచ్చరిక, ఆ వేడికి నీళ్లలో మామూలుగా కరగాల్సినదానికంటే అంత ఎక్కువ ఉందంటే నాచు విపరీతంగా ఉందని, రాత్రికి అంతా తిరగబడుతుందని. ఒక ఉదయం చేపలు చచ్చి తేలాక మాకు బుద్ధి వచ్చి రాత్రంతా పడవలో మీటరు పెట్టుకుని కూర్చున్నాం. సాయంత్రం ఆరింటికి 10.4 ఉంది, అర్ధరాత్రికి 5కి వచ్చింది, మూడింటికి 2.3, ఐదింటికి 0.9. ఆ ఐదింటికి చుట్టూ చేపలు నోళ్లు నీటి పైకి పెట్టి గుటకలు వేస్తున్న చప్పుడు చీకట్లో వినిపిస్తూనే ఉంది. ఆ తర్వాత నేను ఏ చెరువు మీదా తెల్లవారుజామున కొలవకుండా మాట చెప్పలేదు.

అమ్మోనియా విషయంలో దీనికి సరిగ్గా ఎదురు జరుగుతుంది. రిపోర్టులో వచ్చేది మొత్తం అమ్మోనియా. అందులో చేపకి బాగా విషమయ్యేది అయాన్‌గా మారని భాగం, ఆ భాగం ఎంత ఉంటుందో పీహెచ్ (నీళ్లు ఎంత ఆమ్లమో, ఎంత క్షారమో చెప్పే అంకె), వేడి నిర్ణయిస్తాయి. 25 డిగ్రీల దగ్గర పీహెచ్ 7 అయితే మొత్తంలో ఒక శాతం కూడా ఉండదు, పీహెచ్ 8 దగ్గర 5 శాతం చుట్టూ, 9 దగ్గర 36 శాతం వరకు. నాచు ఎక్కువగా ఉన్న చెరువులో పగలు నాచు కార్బన్ డయాక్సైడ్‌ను లాగేసుకోవడం వల్ల పీహెచ్ మధ్యాహ్నానికి 9 దాటడం అరుదేం కాదు. అంటే అదే అమ్మోనియా అంకె ఉదయం పెద్ద ఇబ్బంది పెట్టదు, మధ్యాహ్నం మూడింటికి మొప్పల్ని కాల్చేస్తుంది. కాబట్టి మీ రిపోర్టులో అమ్మోనియా అంకె పక్కన పీహెచ్, ఉష్ణోగ్రత, టైమ్ రాసి లేకపోతే ఆ అంకెతో మీరు ఏమీ తేల్చలేరు.

ఇప్పుడు మీ చిన్న చేపల సంగతి. మీరు ఒక వాక్యంలో చెప్పి వదిలేశారు గానీ నా దృష్టిలో అసలు విషయం అక్కడే ఉంది: చుట్టూ గట్టుకి రాయి పేర్చి, నడిచే బాట వేశారన్నారు. అది ఎప్పుడు జరిగింది? చేపలు తగ్గడం మొదలైన సంవత్సరంతో కలుస్తోందా?

చెరువు అంచున మోకాలి లోతు నీళ్లు, అందులో తుంగ, జమ్ము, నీటి మొక్కల వేళ్లు ఉంటాయే, చాలా రకాల చేపల బాల్యం అంతా అక్కడే గడుస్తుంది. గుడ్లు ఆకులకి అంటిస్తాయి, కొన్ని రకాలు మొక్కల మధ్య గూడు కడతాయి (కొర్రమీను అంతే), పిల్లలు పెద్ద చేపలకి దొరక్కుండా ఆ మొక్కల్లోనే తిరుగుతూ సూక్ష్మజీవుల్ని తింటాయి. ఆ అంచుని తవ్వి నిలువుగా రాతి గోడ కట్టేస్తే నీళ్ల నాణ్యతలో ఏ మార్పూ కనిపించదు, అడుగున పూడిక కూడా తీసేస్తే కొన్ని అంకెలు మెరుగవుతాయి కూడా. పెద్ద చేపలు ఇంకా కొన్నేళ్లు తిరుగుతూనే ఉంటాయి. కొత్త తరం మాత్రం రాదు. ఇలాంటి ఒక చెరువులో నేను గోడ కట్టిన వైపు, కట్టకుండా మిగిలిపోయిన ఓ మూల, రెండు చోట్లా ఒకే చేతివలతో ఒకే రోజు పట్టి చూశాను. ఆ మూల చిన్నది, ఒక క్లాస్‌రూమ్ అంత ఉంటుందేమో. ఆ రోజు దొరికిన పిల్లల్లో దాదాపు అన్నీ అక్కడే దొరికాయి. గోడ వెంబడి రెండు గంటలు తిరిగితే నాలుగు రొయ్యపిల్లలు, ఒక గంబూసియా. దోమల కోసం వదిలే గంబూసియా మిగతా చేపల గుడ్లనీ పిల్లల్నీ తింటుంది కాబట్టి, చిన్న చేపలు కనబడినా అవి ఏ రకమో చూడకుండా సంతోషపడకండి.

నీటి మట్టాన్ని గుడ్లు పెట్టే రోజుల్లో ఒక్కసారిగా దించేసినా ఇదే ఫలితం, అంచున ఉన్న గుడ్లు ఎండిపోతాయి. చెరువుకి వచ్చే కాలువకి అడ్డుగా జాలీయో, ఎత్తైన తూమో పెడితే వరదనీటితో లోపలికి రావలసిన చేపలు బయటే ఆగిపోతాయి. ఇవేవీ కాలుష్యం కాదు, అయినా ఒక రకాన్ని పూర్తిగా లేకుండా చేయగలవు.

ఇక మిగిలిన రకాలు ఏమిటో చూడటం. ఇక్కడ చాలామంది పొరబడతారు. "చెరువు నిండా చేపలున్నాయండీ, ఏమీ కాలేదు" అంటారు, వెళ్లి చూస్తే ఉన్నవి కొర్రమీను, మార్పు, ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్, తిలాపియా. మొదటి మూడూ నీటి పైకి వచ్చి గాలి పీల్చుకోగల చేపలు, తిలాపియా మొండి చేప, తక్కువ ఆక్సిజన్‌లో కూడా నెట్టుకొస్తుంది. గాలి పీల్చే చేపలే మిగిలాయంటే ఆ నీళ్లలో ఆక్సిజన్ పదేపదే పడిపోతోందని అర్థం, మీటరు లేకపోయినా ఆ మాట చెప్పొచ్చు. రోహు, బొచ్చె బోలెడు ఉన్నాయని కూడా కొందరు చూపిస్తారు. అవి వరద నీటిలో, పారే నదిలో గుడ్లు పెట్టే చేపలు, నిలవ నీటి చెరువులో మామూలుగా పిల్లల్ని పెట్టవు. 1957లో శాస్త్రవేత్త హీరాలాల్ చౌధురి పిట్యూటరీ గ్రంథి ఇంజెక్షన్‌తో వీటి చేత గుడ్లు పెట్టించే పద్ధతి సాధించాక హేచరీ పిల్లలు దొరకడం మొదలైంది, ఇప్పుడు చెరువుల్లో కనిపించేవి ఎవరో తెచ్చి వదిలినవే. వాటి సంఖ్య, వదిలినవాళ్లు ఎంత వదిలారో చెబుతుంది తప్ప చెరువు ఆరోగ్యం గురించి చెప్పేది చాలా తక్కువ.

ఏ రకాలు మిగిలాయో చూసి నీళ్ల ఆరోగ్యం చెప్పే ఈ ఆలోచనని ఒక పద్ధతిగా మలిచినవాడు జీవశాస్త్రవేత్త జేమ్స్ కార్. 1981లో అమెరికా మధ్యపశ్చిమ ప్రాంతపు వాగుల కోసం 12 కొలమానాలతో ఒక సూచీ ప్రతిపాదించాడు. స్థానిక చేపల రకాలు ఎన్ని, కాలుష్యాన్ని తట్టుకోలేని సున్నితమైన రకాలు ఉన్నాయా, ఏది దొరికితే అది తినే చేపల వాటా ఎంత, ఇతర చేపల్ని వేటాడే పెద్ద చేపలు మిగిలాయా, పుండ్లు, కణుతులు, వంకర వెన్ను ఉన్న చేపల శాతం ఎంత, ఇలాంటివి. ఒక్కో కొలమానానికి 1, 3 లేదా 5 మార్కులు, మొత్తం 12 నుంచి 60 మధ్య వస్తుంది. ఇందులో నాకు నచ్చేది ఏమిటంటే ఇది పోల్చి చూసే పద్ధతి. అదే ప్రాంతంలో, అదే పరిమాణంలో, మనుషుల దెబ్బ తక్కువగా తగిలిన ఇంకో వాగుతో పోల్చి మార్కులు వేయాలి. ఆ మార్కుల పట్టిక యథాతథంగా తెచ్చి ఇంకో ఖండంలో వేస్తే చెత్త వస్తుంది. అలా వేసిన రిపోర్టులు నేను చూశాను, కొన్నిటిని ఆపించాను కూడా. సహజంగానే నాలుగు రకాల చేపలుండే చల్లని కొండవాగుకి "రకాలు తక్కువ" అని మార్కులు కోయడం అన్యాయం.

వయసు గురించి ఎందుకు ఇంతలా పట్టుబడుతున్నానో చెప్పడానికి నేను ఎప్పుడూ ఒక ప్రయోగం గుర్తు చేస్తాను. కెనడాలోని అంటారియో వాయవ్య భాగంలో పరిశోధన కోసమే కేటాయించిన సరస్సులున్నాయి, వాటిలో 223 నంబరు సరస్సుని 1976 నుంచి డేవిడ్ షిండ్లర్ బృందం కావాలనే, కొద్దికొద్దిగా, ఆమ్లంగా మార్చింది, పీహెచ్ 6.8 నుంచి 5.0 దాకా. నాచు ఉత్పత్తి లాంటి మొత్తం లెక్కలు పెద్దగా మారలేదు. మారింది ఎక్కడంటే, చిన్న రొయ్యల లాంటి జీవులు పోయాయి, ఫాట్‌హెడ్ మిన్నో అనే చిన్న చేప పిల్లల్ని పెట్టడం ఆగిపోయింది, తర్వాత వాటిని తినే ట్రౌట్ అనే పెద్ద చేపకి కూడా కొత్త పిల్లలు రావడం మానేశాయి. పెద్ద ట్రౌట్లు మాత్రం బతికే ఉన్నాయి, తినే చేపలు పోవడంతో ఎముకలు తేలి. పైపైన లెక్కపెట్టేవాడికి ఆ సరస్సులో ట్రౌట్ "ఉంది".

ఎక్కువ కాలం బతికే చేపలతో ఇది మరీ దారుణంగా మోసం చేస్తుంది. చైనాలో యాంగ్‌ట్జీ నది మీద 1981లో గెజౌబా ఆనకట్ట నదికి అడ్డం పడింది, గుడ్లు పెట్టడానికి పైకి వెళ్లే దారి పోయింది. మూడు మీటర్ల దాకా పెరిగే చైనీస్ ప్యాడిల్‌ఫిష్ ఆ తర్వాత కూడా అడపాదడపా కనిపిస్తూనే ఉండేది. చివరిసారి ప్రాణాలతో కనిపించింది 2003లో, అంతరించిందని అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంస్థ ఐయూసీఎన్ ప్రకటించింది 2022లో. ఆ మధ్య ఏళ్లలో కనిపించిన పెద్ద చేపల్ని చూసి "ఇంకా ఉన్నాయి కదా" అనుకున్నవాళ్ల బాధ నాకు అర్థమవుతుంది, ఎందుకంటే ఒక వాగులో నేనూ అలాగే అనుకున్నాను. నీళ్లు అద్దంలా ఉన్నాయి, తెల్లవారుజామున ఆక్సిజన్ 7కి తగ్గలేదు, పెద్ద చేపలు వలకి బాగానే పడ్డాయి. రెండో ఏడు పొడవులు గ్రాఫ్ గీస్తే ఎడమవైపు ఖాళీ. పన్నెండు సెంటీమీటర్ల లోపువి ఒక్కటీ లేవు. కారణం వాగు అడుగున ఉంది: పైన రోడ్డు పని నుంచి కొట్టుకొచ్చిన సన్నమట్టి గులకరాళ్ల సందుల్లో దిగిపోయింది. రాళ్ల మధ్య పెట్టిన గుడ్లకి నీళ్లు తగలక ఊపిరాడక పోతున్నాయి. రాయి ఎత్తి చూస్తే కింద పొడి సిమెంటు లాంటి మట్టి, అంతే. ఏ నీటి పరీక్షలోనూ అది లేదు.

పొడవుతో వయసు అంచనా వేయడం మొదటి మెట్టు మాత్రమే. తిండి తక్కువైన చెరువులో మూడేళ్ల చేప ఏడాది చేపంతే ఉండొచ్చు. సరిగ్గా తెలియాలంటే చేప చెవిలోపలి చిన్న రాయి, ఓటోలిత్ అంటాం, దాన్ని పల్చగా కోసి మైక్రోస్కోప్ కింద వలయాలు లెక్కపెట్టాలి, చెట్టు కాండంలో వలయాల్లాగే. ఉత్తర అమెరికాలోని బిగ్‌మౌత్ బఫెలో అనే చేప వయసు ఇలా చూస్తే 112 ఏళ్లు తేలింది, అప్పటిదాకా అది పాతికేళ్లు బతుకుతుందనుకున్నారు. దీనికి చేపని చంపాలి కాబట్టి నేను అవసరమైతేనే చేస్తాను, పొలుసుల వలయాలతో పని జరిగితే దానితో సరిపెడతాను.

మామూలు రిపోర్టులో అసలు వెతకని రసాయనాల సంగతి కూడా ఉంది. అదే అంటారియో సరస్సుల్లో 260వ దానికి 2001 నుంచి 2003 దాకా గర్భనిరోధక మాత్రల్లో ఉండే కృత్రిమ ఈస్ట్రోజెన్‌ని కలిపారు, లీటరుకు 5, 6 నానోగ్రాములు మాత్రమే. నానోగ్రాము అంటే గ్రాములో వందకోట్లవ వంతు. మగ మిన్నోల ఒంట్లో గుడ్డుకి సంబంధించిన ప్రొటీన్ తయారవడం మొదలై, ఆ చేప ఆ సరస్సులో దాదాపు లేకుండా పోయింది, కలపడం ఆపిన కొన్నేళ్లకి తిరిగి కోలుకుంది. ఇంకోటి, అమెరికా వాయవ్య తీరంలో సియాటిల్ చుట్టుపక్కల వాగుల్లో వాన పడ్డాక కోహో సాల్మన్‌లు గుడ్లు పెట్టకముందే గంటల్లో చచ్చిపోయేవి. ఏళ్ల తరబడి కారణం అంతుపట్టలేదు. 2020లో తేలింది, టైర్ల రబ్బరు పగిలి పాడవకుండా కలిపే ఒక రసాయనం ఓజోన్‌తో కలిసి మారిన పదార్థం వల్ల అని. అదే వాగులో చమ్ సాల్మన్‌కి ఏమీ కాలేదు. ఒక్క రకం మాత్రమే మాయమవుతుంటే "మిగతావి బాగున్నాయి కదా" అని కొట్టిపారేయకండి అనడానికి నాకు దీనికంటే మంచి ఉదాహరణ లేదు. అలాగని మీ చెరువుకి ముందే ఈ టెస్టులు చేయించమని చెప్పను, ఖర్చు ఎక్కువ, ఏం వెతకాలో తెలియకుండా వెతికితే ఏదీ దొరకదు.

చేపల్ని నమ్మమన్నాను కదా, మీ వలని మాత్రం అంత తేలిగ్గా నమ్మకండి. నా మొదటి పెద్ద సర్వేలో "చిన్న చేపలు లేవు" అని రాశాను. నేను వాడిన గిల్ నెట్ల (చేపలు మొప్పల దగ్గర చిక్కుకునే నిలువు వలలు) కన్ను పెద్దది, చిన్నవి దాంట్లోంచి హాయిగా వెళ్లిపోయాయి. పక్కన ఒకాయన విసురువల వేసి దోసెడు పరిగెలు పట్టి చూపిస్తే గానీ నాకు తెలియలేదు, ఆ రిపోర్టు వెనక్కి తీసుకున్నాను. ఒక్కో వలకి ఒక్కో గుడ్డితనం ఉంటుంది: గిల్ నెట్‌కి కదిలే చేపలే తగులుతాయి, లాగుడు వలకి బురదలో దూరే బొమ్మిడాయిలు దొరకవు, గాలానికి ఆకలిగా ఉన్నవే వస్తాయి. అందుకని రెండు మూడు రకాల వలలు వాడాలి, ప్రతిసారీ అవే వలలు, అదే చోటు, అదే నెల, అంతేసేపు. ఎన్ని చేపలు దొరికాయో కంటే గంటకి ఎన్ని దొరికాయో రాయండి. నిరుడు నలుగురు రెండు రోజులు పట్టి, ఈ ఏడు ఇద్దరు ఒక పూట పట్టి "సగానికి తగ్గాయి" అంటే దానికి అర్థం లేదు.

నీళ్లలో తేలే డీఎన్ఏని వడగట్టి చేపల్ని గుర్తించే పద్ధతి గురించి కూడా ఎవరో ఒకరు చెబుతారు మీకు. మంచి పద్ధతే, 2008లో ఫ్రాన్స్ చెరువుల్లో బుల్‌ఫ్రాగ్ కప్పని ఇలా కనిపెట్టాక బాగా వ్యాపించింది, దాక్కునే అరుదైన రకాలకి వలకంటే మెరుగు. కానీ అది "ఈ రకం డీఎన్ఏ ఉంది" అని చెప్పి ఆగుతుంది. పిల్లా పెద్దదా, ఆరోగ్యంగా ఉందా, పైనుంచి కాలువలో కొట్టుకొచ్చిందా అన్నది చెప్పదు. మీ ప్రశ్న వయసుల గురించి కాబట్టి మీకు చేతివలే ఎక్కువ పనికొస్తుంది.

పాత రోజుల లెక్క కూడా ఎవరినైనా అడిగి రాసుకోండి. చేపల శాస్త్రవేత్త డేనియల్ పౌలీ 1995లో రాసిన మాట ఒకటి మా రంగంలో అందరూ వాడతారు, పరిశోధకుల్లో ప్రతి తరం తాను ఉద్యోగంలో చేరిన రోజు చూసినదాన్నే మామూలు అనుకుంటుంది, దాని ముందు పోయినది లెక్కలోకే రాదు అని. మీరు మూడు నాలుగేళ్లు అంటున్నారు. అరవై ఏళ్ల జాలరిని కూర్చోబెట్టి, చేపల ఫొటోలు ఒక్కొక్కటీ చూపించి, ఇది ఎప్పుడు చివరిసారి పడింది, ఎంత పొడవుది, ఏ నెలలో, ఏ మూల అని అడగండి. వల కనుపుల సైజు ఎప్పటి నుంచి చిన్నదైందో కూడా అడగండి, వల కన్ను ఏడాదికేడాది సన్నబడుతోందంటే పెద్ద చేపలు ఎప్పటి నుంచి తగ్గాయో అందులోనే ఉంది. నా పనిలో విలువైన సమాచారంలో చాలా భాగం ఇలాగే వచ్చింది.

మంచినీళ్లు భూమి ఉపరితలంలో ఒక శాతం కూడా లేవు, ప్రపంచంలోని చేప రకాల్లో సగానికి దగ్గరగా అక్కడే ఉన్నాయి, 2025 జనవరిలో వచ్చిన అంతర్జాతీయ లెక్క ప్రకారం మంచినీటి చేపల్లో 26 శాతం రకాలు అంతరించే ముప్పులో ఉన్నాయి. మీలాంటివాళ్లు ఒక చెరువు గురించి పట్టించుకుని అడగడం అందుకే నాకు చాలా సంతోషం.

మీరు చేయగలిగినవి చెబుతాను. వారంలో రెండు రోజులు, సూర్యోదయానికి అరగంట ముందు, మళ్లీ మధ్యాహ్నం మూడింటికి ఆక్సిజన్, పీహెచ్, ఉష్ణోగ్రత కొలవండి. మీటరు లేకపోతే చుక్కల కిట్ చాలు. పైన ఒకటి, అడుక్కి దగ్గర ఒకటి, కనీసం మూడు చోట్ల. నలుపు తెలుపు పూసిన 20 సెంటీమీటర్ల పళ్లెం తాడుకి కట్టి దించి ఎంత లోతులో కనబడకుండా పోతుందో రాయండి, నాచు పెరుగుతోందో తగ్గుతోందో దాంతో తెలుస్తుంది. నెలకోసారి సన్నకన్ను చేతివలతో మొక్కలున్న అంచున పావుగంట, రాతి గోడ వెంబడి పావుగంట పట్టండి. స్కేలు పక్కన పెట్టి ఫొటో తీసి వెంటనే వదిలేయండి, చేతులు తడిపాకే చేపని పట్టుకోండి. చెరువు ఎవరి అజమాయిషీలో ఉందో వాళ్ల అనుమతి ముందే తీసుకోండి.

చేపలు చచ్చి తేలితే ఆలస్యం చేయకండి. ఆ గంటలోనే నీళ్లు కొలవాలి, శాంపిల్ తీయాలి. మొప్పలు ఇంకా ఎర్రగా ఉన్నవే ల్యాబ్‌కి పనికొస్తాయి, వాటిని ఐస్‌లో పెట్టండి, డీప్ ఫ్రీజర్‌లో గడ్డ కట్టించకండి. సాధారణంగా ఆక్సిజన్ పడిపోయినప్పుడు పెద్ద చేపలు ముందు పోతాయి, తెల్లవారుజామున పోతాయి. విషం అయితే చిన్నా పెద్దా తేడా లేకుండా, కప్పలు, పురుగులతో సహా ఏ వేళైనా పోతాయి.

రెండు పనులు మాత్రం దయచేసి చేయకండి, ఎవరైనా చేయబోతే ఆపండి. ఒకటి, నాచు ఎక్కువైందని మందు చల్లి ఒకేసారి చంపడం. చచ్చిన నాచు కుళ్లుతూ ఉన్న ఆక్సిజన్ కూడా లాగేసుకుంటుంది, నేను చూసిన అతి పెద్ద చేపల చావు ఒకటి అలాగే జరిగింది, మంచి ఉద్దేశంతో చేసిన పనే అది. రెండు, చేపలు తగ్గాయని హేచరీ పిల్లల్ని తెచ్చి వదలడం. కారణం అలాగే ఉండగా వదిలితే అవీ పోతాయి, బతికితే మిగిలిన స్థానిక రకాల తిండి తింటాయి. పైగా ఆ తర్వాత ఏ చేప అక్కడే పుట్టిందో ఏది తెచ్చి వదిలినదో ఎవరికీ తెలియదు, మీ చెరువు గురించి నేను పైన చెప్పిన చేపల పరీక్ష ఏదీ పనిచేయదు.

నా అనుమానం ఇప్పటికి ఆ రాతి గోడ మీదే ఉంది, అయితే తెల్లవారుజాము అంకెలు చూడకుండా గట్టిగా అనలేను. నాలుగు వారాల కొలతలు, అంచున పట్టిన చేపల ఫొటోలు, గోడ కట్టిన నెల, సంవత్సరం ఇక్కడే పెట్టండి. తెల్లవారుజామున ఆక్సిజన్ 4కి తగ్గకుండా ఉండి, మొక్కలున్న మూలలో మాత్రమే పిల్లలు దొరికితే, గోడ ముందు కొంత మేర మట్టి వాలు వేసి తుంగ నాటించడం గురించి మాట్లాడదాం. ఒక చోట ముప్పై మీటర్ల మేర అలా వేయించాం, రెండో వానాకాలానికి పరిగె పిల్లలు గుంపులుగా వచ్చాయి.